ఏడు సెకన్ల డ్రమ్ము



కచేరీలో తని ఆవర్తనం మీరు వినే ఉంటారు. గాయకుడు, వయొలిన్ విద్వాంసుడు ఆగిపోతారు. మృదంగం ఒక్కటే మాట్లాడుతుంది. అమెరికాలో నల్లజాతివారి సోల్, ఫంక్ పాటల్లోనూ ఇలాంటి ఘట్టం ఒకటుంది. తక్కిన వాద్యాలన్నీ తప్పుకుంటాయి, డ్రమ్ము ఒక్కటే మోగుతుంది. దాన్ని 'బ్రేక్' అంటారు. అయితే అది కొన్ని సెకన్లలోనే ముగిసిపోతుంది.

1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో, జమైకాలో పుట్టిన కూల్ హెర్క్ అనే యువకుడు తన చెల్లెలు ఏర్పాటుచేసిన విందులో రికార్డులు వేశాడు. బ్రేక్ వచ్చినప్పుడే జనం ఉత్సాహంగా ఆడుతున్నారని అతను కనిపెట్టాడు. ఒకే రికార్డు ప్రతులు రెండు తెచ్చి, రెండు యంత్రాల మీద మార్చి మార్చి వేస్తూ ఆ కొన్ని సెకన్లను నిమిషాల తరబడి సాగదీసే పద్ధతి పెంచాడు. హిప్‌హాప్‌కు పునాది అదే.

ఇలాంటి బ్రేకుల్లో ప్రసిద్ధమైనది 1969లో విన్‌స్టన్స్ బృందం ఇచ్చిన 'ఆమెన్, బ్రదర్'లోనిది. వాయించినవాడు గ్రెగరీ కోల్‌మన్. నిడివి నాలుగు ఆవర్తాలు, అంటే దాదాపు 7 సెకన్లు. మొదటి రెండు ఆవర్తాలు ఒకేలా నడుస్తాయి. మూడోదాంట్లో ఒక దెబ్బ కాస్త ఆలస్యంగా పడుతుంది. నాలుగోదాంట్లో మొదటి దెబ్బ ఉండవలసినచోట ఖాళీ వస్తుంది. ఆ తడబాటులాంటి నడకలోనే అందమంతా ఉంది.

తర్వాత శాంప్లర్ వచ్చింది. ధ్వనిని పట్టి, ముక్కలుచేసి, మీటలు నొక్కితే తిరిగి పలికించే యంత్రమిది. 1990 దశకం తొలి ఏళ్లలో ఇంగ్లండులోని యువకులు ఈ బ్రేకును దెబ్బ దెబ్బగా కోసి, వరుస మార్చి, నిమిషానికి సుమారు 137 దెబ్బల వేగాన్ని 160, 170కి పెంచారు. దాని కింద బరువైన బేస్ స్వరం నడిపారు. దాన్నే జంగిల్ అన్నారు. అదే డ్రమ్ అండ్ బేస్‌గా ఎదిగింది.

ఇక హౌస్, టెక్నో సంగీతాల్లో యంత్రం ప్రతి మాత్రకూ ఒకేలా మోగుతుంది. దానితో పాత బ్రేకును కలపాలంటే ఒక మెలకువ కావాలి. రెండింటి మంద్రధ్వనులూ ఢీకొంటే మోత మిగులుతుంది. కాబట్టి బ్రేకులోని అడుగుధ్వనిని తగ్గించి, ఆ బరువు యంత్రానికి అప్పగిస్తారు. పై దెబ్బలు మాత్రం మనిషివే. యంత్రం నిలకడ ఇస్తుంది, మనిషి చేయి ఊపు ఇస్తుంది.

మరి ఆ చేతికి దక్కిందేమిటి? వేల పాటల్లో వినిపించిన ఆ బ్రేకుకు కోల్‌మన్ రాయల్టీ అందుకోలేదు. 2006లో పేదరికంలోనే కన్నుమూశాడు. బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 2015లో బ్రిటిష్ అభిమానులు చందాలు పోగుచేసి సుమారు 24,000 పౌండ్లు అందించారు. అది అభిమానం చూపిన ఔదార్యమే తప్ప హక్కుగా వచ్చిన సొమ్ము కాదు. మన దేశంలో 2012 నాటి కాపీరైట్ సవరణ, ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే కళాకారుడికి రాయల్టీ హక్కు ఉందని చెప్పింది. చట్టం ఉంటే చాలదు, వాయించినవారి పేరు కూడా నమోదై ఉండాలి.

పాతదాన్ని కొత్తదానిలో కలపడం తప్పు కాదు. సంగీతం పెరిగేదే అలా. మీ పిల్లలు కంప్యూటర్ మీద పాత డప్పు మోతనో, నాదస్వరం పలుకునో కొత్త పాటలో కలుపుతుంటే వద్దనకండి. "ఇది వాయించినదెవరు?" అని మాత్రం అడగండి. ఆ పేరు పాటతోపాటు రాయించండి.