గాలం పట్టే ముందు



వేసవి సెలవులు దగ్గర పడితే మహదేవపురలోని మా వీధిలో మాటలన్నీ ప్రయాణాల మీదికే మళ్ళుతాయి. ఆ మధ్య మా విద్యార్థి తండ్రి ఒకరు, "మాస్టారూ, పిల్లవాణ్ణి అడవికి తీసుకుపోయి సాల్మన్, ట్రౌటు చేపలు పట్టించాలని ఉంది. ఎక్కడికి పోవాలి?" అని అడిగారు. ఆయనకు చెప్పిన సంగతులే ఈరోజు మీతోనూ ముచ్చటిస్తాను.

సాల్మన్ చల్లని దేశాల చేప. నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తిరిగి నదికే వస్తుంది. మన నదులలో అది లేదు. బజారులో ఇండియన్ సాల్మన్ పేరుతో అమ్మేది వేరే జాతి సముద్రపు చేప.

ట్రౌటు సాల్మనుకు దాయాది. దీనిని 1900 ప్రాంతంలో ఆంగ్లేయులు కాశ్మీరుకు తెచ్చారు. తరువాత కులూ లోయకూ, నీలగిరులకూ చేరింది. చల్లగా, తేటగా పారే నీటిలోనే బ్రతుకుతుంది. హిమాచల్‌ప్రదేశ్‌లోని తీర్థన్ నది దీనికి పేరు పొందింది. అక్కడ మత్స్యశాఖ వారి లైసెన్సు ఉండాలి. గుడ్లు పెట్టే కాలం గనుక నవంబరు మొదలు ఫిబ్రవరి ఆఖరు వరకు గాలం వేయరాదు. కాబట్టి ముందు అనుమతి, గడువు తెలుసుకుని, ఆ తరువాతే రైలు టిక్కెట్టు కొనాలి.

"అంత దూరం ఎందుకు, కావేరి ఉంది కదా?" అన్నారాయన. ఉంది. కనకపుర మీదుగా పోతే సుమారు 100 కిలోమీటర్లలో సంగమ. ఆ నీళ్ళలోనిదే మహసీరు. కన్నడంలో బిళి మీను అంటారు. 1946లో మైసూరుకు చెందిన వాన్ ఇంగెన్ కబినిలో పట్టిన మహసీరు 120 పౌన్లు, అంటే సుమారు 54 కిలోలు తూగింది. ఈ చేపకు ఇష్టమైన ఎర ఏమిటో తెలుసా? మనం తినే రాగి ముద్దే!

భీమేశ్వరి, గాలిబోరె శిబిరాలకు ఒకప్పుడు విదేశాల నుండి కూడా గాలగాళ్ళు వచ్చేవారు. పట్టిన చేపను తూచి, ఫోటో తీసి, తిరిగి నీటిలో వదిలేవారు. అంతకు ముందు తూటాలు పేల్చి చేపలను చంపిన ఊరివాళ్ళలో కొందరు అక్కడ కాపలాదారులయ్యారు. కానీ ఆ ప్రాంతం 1987లో ఏర్పడిన కావేరి వన్యప్రాణి అభయారణ్యంలోనిది. అభయారణ్యంలో గాలం వేయడం కూడా వేటేనన్న వాదం వచ్చి, 2010 తరువాతి సంవత్సరాలలో దానిని ఆపివేశారు. గాలం పోతే కాపలా కూడా పోతుందని కొందరు, చట్టం చట్టమేనని కొందరు అన్నారు. రెండు మాటల్లోనూ న్యాయముంది.

ఈ లోగా చేపకే ముప్పు వచ్చింది. తూటాలు, ఆనకట్టలు, ఇసుక తవ్వకాలు ఒక వైపు. మేలు చేద్దామని బయట హేచరీలో పెంచి వదిలిన నీలిరెక్కల మహసీరు మరో వైపు. కావేరి సొంత బిడ్డ అయిన మూపురపు మహసీరు తగ్గిపోతూ, 2018లో తీవ్రంగా అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల పట్టికకెక్కింది.

కనుక కావేరి తీరానికి పోయేవారు గాలం ఇంట్లోనే ఉంచి వెళ్ళండి. అటవీశాఖ వారిని అడిగి, వారు చూపిన చోటనే బస చేయండి. సంగమ, మేకెదాటు దగ్గర నీటిలోకి దిగవద్దు. పైకి నిలకడగా కనిపించినా లోపల సుడులుంటాయి, మొసళ్ళుంటాయి. పైన ఆనకట్ట నుండి నీరు వదిలితే చూస్తుండగానే ప్రవాహం పెరుగుతుంది. పొద్దుగూకితే ఏనుగులు నీటికి వస్తాయి.

పిల్లవాడికి గాలం నేర్పాలంటే, అనుమతి ఉన్న ఊరి చెరువు గట్టున నేర్పవచ్చు. చెరువును ఎవరైనా పాటకు తీసుకుని ఉంటే వారిని అడగాలి. బెండు కదిలే దాకా ఓపికగా కూర్చోవడం, చిన్న చేప పడితే తడిచేత్తో పట్టి వదిలేయడం అక్కడే వస్తాయి.

మరొక మాట. సంగమ దగ్గర కావేరిలో కలిసే అర్కావతి మన నందికొండలో పుట్టినదే. ఆ చేప బ్రతికే నీటికి మొదలు మన సరిహద్దులోనే ఉంది. దానిని మురికి చేయకపోవడం కూడా మన ప్రయాణపు ఏర్పాట్లలో ఒకటి అనుకోవాలి.

ఆ తండ్రీకొడుకులు సెలవులకు సంగమ వెళ్ళివచ్చారు. చేప పట్టలేదు. కానీ ఒడ్డున కూర్చుని, నీటిపైకి ఎగసిన ఒక పెద్ద చేపను చూశారట. పిల్లవాడు బడికి వచ్చి ఆ కథే వారం రోజులు చెప్పాడు.