తెర మీది పేరంటం

2020లో అధిక ఆశ్వయుజం వచ్చి సద్దుల బతుకమ్మ అక్టోబరు 24న పడింది. కరోనా భయంతో ఎవరి వాకిట్లో వాళ్ళమే. చిన్నప్పుడు జైనూర్‌లో కలిసి ఆడిన నలుగురం ఫోన్లోనే పేరంటం పెట్టుకున్నాం. మాకు రాత్రి 7 గంటలు, లండన్‌లో మధ్యాహ్నం 2-30, డల్లాస్‌లో పొద్దున 8-30.

పిలవబోతే, ఆ వేసవిలోనే భర్త పోయిన డల్లాస్ స్నేహితురాలు "నేను రాకూడదేమోనే" అంది. "వద్దనడానికి మేమెవరమే? పూలు పేర్చుకుని కూర్చో" అన్నాను. తంగేడు, గునుగు దొరక్క బంతిపూలతోనే పేర్చింది.

అందరం కలిసి పాట ఎత్తుకున్నామా, ఒకరి గొంతు ముందు, ఒకరిది వెనక, సంత గోల! మాట దేశాలు దాటి రావడానికి క్షణమైనా పడుతుంది కదా. అందుకని ఒకరు పాడితే మిగతావాళ్ళం మైకు మూసి చప్పట్లు కొట్టాం. ఉచిత జూమ్ 40 నిమిషాలకే తెగుతుంది, రెండో లింకు ముందే పంపి ఉంచుకోండి. మలీద మాత్రం ఎవరిది వాళ్ళే చేసుకోవాలి!

తన వంతు వచ్చేసరికి డల్లాస్ ఆవిడ పాట సగంలో ఆగిపోయింది. ఆ ఒక్కసారి ముగ్గురం మైకులు తెరిచి, తాళం తప్పితే తప్పిందని, అందుకున్నాం.