యాభై మొక్కలు నాటే ముందు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్వర్ణోత్సవం గుర్తుగా గేటు నుంచి ఆటస్థలం దాకా రెండు వరసల్లో యాభై మొక్కలు నాటాలని మన సంఘం అనుకుంటోంది. చాలా మంచి ఆలోచన. "అన్నీ ఒకే రకం పెడదాం, త్వరగా పెరిగేది, పూలు బాగా పూసేది" అని మన గ్రూపులో చాలామంది రాశారు. ఆ మాట మీదే నాలుగు ముక్కలు చెబుతాను. నేను చెట్ల శాస్త్రం చదివినవాణ్ణి కాను, స్ట్రక్చరల్ ఇంజనీరుని. కానీ నేను ఉద్యోగం చేస్తున్న అమెరికాలో ఈ లక్షణాలన్నీ ఉన్న చెట్టొకటి ఉంది. దాని కథ మీరు వినాలి.

పేరు బ్రాడ్‌ఫర్డ్ పియర్. మన బేరికాయల జాతిదే, తినే కాయ మాత్రం కాయదు. మార్చిలో ఆకు రాకముందే చెట్టంతా తెల్లగా పూస్తుంది. దగ్గరికి వెళ్తే చేపల బజారు వాసన, అది వేరే సంగతి. అసలు అందం నవంబరులో. చాలా చెట్లు ఆకులు రాల్చేశాక ఇది రంగు తిరుగుతుంది. మన బడి బాదం చెట్టు ఆకులు ఒకటొకటిగా ఎర్రబడేవి, గుర్తుందా? ఇక్కడ చెట్టు చెట్టంతా ఎరుపు, నారింజ, వంకాయ రంగు కలిసి మండుతున్నట్టుంటుంది. వీధికి రెండు వైపులా అలాంటివే ఉంటే కారు ఆపి చూడకుండా ఉండలేం.

దీని పుట్టిల్లు చైనా. అమెరికాలో బేరి తోటలను ఫైర్ బ్లైట్ అనే తెగులు తినేస్తుంటే, తట్టుకునే వేరు మొక్కల కోసం ఫ్రాంక్ మేయర్ అనే ఆయన్ని ప్రభుత్వం అక్కడికి పంపింది. గింజలు సేకరించి పంపిన ఆయన 1918లో యాంగ్జీ నదిలో పడి చనిపోయాడు. తర్వాత చైనా గింజల నుంచే మేరీల్యాండ్‌లోని ప్రభుత్వ కేంద్రంలో పెరిగిన ముళ్లులేని చెట్టొకటి శాస్త్రవేత్తల కంట పడింది. దాని అంట్లు కట్టి 1963లో మార్కెట్లోకి వదిలారు. 1966లో అధ్యక్షుడు జాన్సన్ భార్య వాషింగ్టన్‌లో స్వయంగా ఒకటి నాటారు. ఇక కాలనీలు కట్టేవాళ్లందరికీ అదే కావాలి. చవక, తెగులు లేదు, ఏ మట్టిలోనైనా బతుకుతుంది.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన మాట. ఈ చెట్టుకు కొమ్మలన్నీ కాండం మీద దాదాపు ఒకేచోట నుంచి, నిటారుగా లేస్తాయి. కొమ్మకీ కాండానికీ మధ్య బెరడు ఇరుక్కుపోతుంది. చెక్కా చెక్కా కలవవు. పైకి నున్నగా కనిపించి, లోపల ఇనుము కరిగి అతుక్కోని వెల్డింగు లాంటిదన్నమాట. కొమ్మలు చిన్నవిగా ఉన్నన్నాళ్లూ నిలుస్తుంది. పదిహేను, ఇరవై ఏళ్లకు బరువు పెరిగి, ఒక గాలివానకు నిట్టనిలువునా చీలుతుంది. మా వీధిలో రాత్రికి రాత్రే ఒకటి చీలి కారు మీద పడింది. పొద్దున కారులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది అనుకున్నాం.

రెండో చిక్కు ఇంకా పెద్దది. అంట్లన్నీ ఒక్క చెట్టు నకళ్లు కాబట్టి వాటిలో వాటికి పరాగం పనిచేయదు, కాయలుండవనుకున్నారు. చీలని రకాలు కావాలని నర్సరీలు వేరే రకాలు తెచ్చాయి. రెండూ పక్కపక్కన చేరాక కాయలు కాశాయి. పక్షులు తిని గింజల్ని పొలాల్లో, అడవి అంచుల్లో వేశాయి. అక్కడ మొలిచినవాటికి ట్రాక్టరు టైర్లు పంక్చరు చేసేంత ముళ్లు! ఒహైయో రాష్ట్రం 2023లో దీని అమ్మకం నిషేధించింది. 2024లో పెన్సిల్వేనియా, సౌత్ కరోలినా కూడా ఆపేశాయి. ఇది కొట్టేసుకుంటే స్థానిక మొక్కలు ఉచితంగా ఇచ్చే పథకాలు కూడా కొన్నిచోట్ల ఉన్నాయి.

అలాగని ఈ చెట్టును తిట్టడానికి నాకు మనసొప్పదు. 2001లో న్యూయార్క్ జంట భవనాలు కూలినచోట, నెల తర్వాత శిథిలాల కింద కాలి, విరిగి, కొనప్రాణంతో దొరికింది ఈ జాతి చెట్టే. బతికించి 2010లో మళ్లీ అక్కడే నాటారు. నేను చూశాను, ఇప్పటికీ పూస్తోంది. తప్పు చెట్టుది కాదు, లక్షల్లో ఒకే నకలు నాటినవాళ్లది.

పరాయి దేశపు చెట్టు వద్దనడం కూడా నా వాదన కాదు. మన తురాయి మడగాస్కర్‌ది, దాని నీడన మనం ఎన్ని ఆటలాడలేదు! కానీ త్వరగా పచ్చబడుతుందని మన రోడ్ల డివైడర్ల నిండా నాటిన కోనోకార్పస్ గురించి ఎన్ని గొడవలో చూస్తున్నాం. గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది.

కాబట్టి కమిటీ పెద్దలకు నా మనవి: యాభై మొక్కలూ ఒకే రకం వద్దు. పిల్లలు నడిచే దారి వెంట కానుగ, వేప, పొగడ పెడదాం. రంగు కావాలన్నవాళ్ల కోసం గేటు దగ్గర రేల, వెనక బంజరులో మోదుగ. ప్రహరీకి దూరంగా నాలుగు నేరేళ్లు, పిల్లల నాలుకలు రంగు మారాలి కదా. మూడు, నాలుగేళ్లపాటు ఎవరో ఒకరు చిన్న కొమ్మలప్పుడే నిటారు జంటల్ని కత్తిరించాలి. ఆ పని, మొదటి రెండు వేసవుల్లో నీళ్ల ట్యాంకరు ఖర్చు మా 1986 బ్యాచ్ తీసుకుంటుంది. మిగతా బ్యాచ్‌లవాళ్లు గుంతలు, కంచెల సంగతి చూసుకుంటే, తొలకరికి మొక్కలు దించవచ్చు.