కొండ బస్సులో సోదా: చట్టం ఏమంటోంది?

అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగే బస్సును చెక్‌పోస్టు దగ్గర ఆపి మూటలు విప్పించడం మనకు అలవాటైపోయింది. పోలీసులకు కారణాలు లేకపోలేదు. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునూ, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనూ కాల్చి చంపారు. గంజాయీ కట్టుకథ కాదు; 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికేశారు. అందుచేత సోదాలే వద్దని నేను అనను. కారణం చూపకుండా, మనిషి వాలకాన్ని బట్టి చేసే సోదా మాత్రం చెల్లదంటాను.

ఇది నా సొంత అభిప్రాయం కాదు, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే ఉంది. బస్సులాంటి బహిరంగ స్థలంలో ఒకరిని ఆపి వెతకాలంటే, ఆ మనిషి నేరం చేశాడని నమ్మడానికి అధికారికి కారణం ఉండాలని 43వ సెక్షన్ అంటోంది. ఒంటిమీద వెతికే ముందు, గెజిటెడ్ అధికారి ఎదుటో మేజిస్ట్రేటు ఎదుటో సోదా జరగాలని కోరే హక్కు ఉందని ఆ మనిషికి చెప్పి తీరాలి. 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ మాట ఖరాకండిగా చెప్పింది. ఆడవాళ్లను ఆడవాళ్లే వెతకాలి. అయితే ఒక పెద్ద లోటుంది. ఈ రక్షణ ఒంటికే గానీ చేతిలోని సంచికి వర్తించదని కోర్టులు తేల్చాయి. సంతకు పసుపు, పిప్పళ్లు మూటగట్టుకుని వెళ్లే కోదు తెగ మహిళను ఆపితే, ముందుగా విప్పించేది ఆ మూటనే. పైగా తెలుగు సరిగా రాని మనిషికి తెలుగులో గబగబా చదివి వినిపిస్తే, హక్కు చెప్పినట్టెలా అవుతుంది?

‘తప్పు చేయనివాడికి భయమెందుకు?’ అంటారు. సరుకు ఎవరి స్వాధీనంలో దొరికితే నేరం వారిదేనని భావించే వీలు అదే చట్టంలోని 54వ సెక్షన్ కల్పిస్తోంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ మనిషే. సీటు కింద ఎవరో పెట్టిన సంచిలో 20 కిలోలకు మించి గంజాయి ఉండి, అది తనది కాదని నమ్మించలేకపోతే కనీస శిక్ష పదేళ్లు. బెయిలూ సులువు కాదు. భయానికి అంతకంటే ఏం కావాలి? ‘న్యూయార్క్ మెట్రోలోనూ యాదృచ్ఛిక సోదాలున్నాయిగా’ అని మరికొందరంటారు. ఉన్నాయి, అక్కడి కోర్టు 2006లో వాటిని సమర్థించింది కూడా. కానీ అవి బాంబుల భయంతో పెట్టినవి, ఇష్టంలేనివాడు సోదాకు ఒప్పుకోకుండా స్టేషన్ వదిలి వెళ్లిపోవచ్చు. మాదకద్రవ్యాల కోసం ఇండియానాపోలిస్‌లో రోడ్డుపై వాహనాలను ఆపి చేసిన తనిఖీలను 2000లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. మన ఘాట్ రోడ్డులో సోదా వద్దని బస్సు దిగినవాడు ఎక్కడికి పోతాడు?

చెక్‌పోస్టుల దగ్గర ఈ హక్కులను ఇక్కడివాళ్లు మాట్లాడే కువి, ఆదివాసీ ఒడియా భాషల్లో వినిపించాలని పోలీసు శాఖను అడుగుదాం. 2024 జులై నుంచి అమలులో ఉన్న కొత్త నేర ప్రక్రియా చట్టం ప్రకారం సోదాను వీడియో తీయాలి, ఆ నియమం ఇక్కడా పాటించమందాం. ఈలోగా మీరు ఎక్కిన బస్సులో సోదా మొదలైతే, పక్క సీట్లోని మనిషికి తన హక్కు ఏమిటో తన భాషలో మీరే చెప్పండి.