అరబీయులు మనకు పరాయివారా?



అరబీయులందరును మహమ్మదీయులేయని మనలో అనేకుల తలంపు. అది సరికాదు. పెంతెకొస్తు దినమున తమ స్వభాషలో దేవుని కార్యములను వినినవారిలో అరబీయులును ఉండిరి (అపొ. కా. 2:11). ఇస్లాము రాకమునుపే, క్రీ.శ. 523 ప్రాంతమున, నజ్రానులో అనేకులు హిమ్యరు రాజుచేత క్రీస్తు నిమిత్తము చంపబడిరి. నేటికిని లెబానోను, సిరియా, యోర్దాను దేశములలోని అరబీ క్రైస్తవులు దేవుని ‘అల్లాహ్’ అనియే ప్రార్థించుచున్నారు. 1865లో బేరూతులో ముద్రింపబడిన అరబీ బైబిలు అనువాదములోను అదే పదము.

కువైటుకు పనికి పోయిన మన బిడ్డలు ఆ పేరు ప్రతిదినము విందురు. ఇక్కడ మనమో, పొరుగింటివారి నోట అది విని ముఖము త్రిప్పుకొందుము. తోటి విశ్వాసులు మోకాళ్లూని పలుకు నామమును మనము ఎగతాళి చేయుట తగునా? నూరేండ్లు నిండిన మన సంఘము ఈ అడ్డుగోడను పడగొట్టును గాక. ఆమేన్.