మెట్టచేల గింజలు – విత్తన రక్షణ



గ్రంథాలయ రజతోత్సవ సభలో ఉలవల ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. పుస్తకము వలెనే విత్తనమును చేతులు మారినగాని బ్రతుకదు. కావున ఈ వేదిక తగినదే.

మన ఖమ్మము, భద్రాచల సీమ ఎడారి కాదు. అయినను వానకారు నడుమ రెండు మూడు వారములు చినుకు లేక చెలకలు ఎండుట మనమెరిగినదే. అమెరికాలోని సొనోరా ఎడారిలో తొహోనో ఓఓధమ్ జాతివారు టెపరీ యను చిక్కుడు జాతి గింజను కొద్దిపాటి వాననీటితోనే పండించుచు వచ్చిరి. మనకు ఆ స్థానమున ఉలవ, బొబ్బర, అనుము కలవు. ఉత్తర, హస్త కార్తెలలో చల్లిన ఉలవ నేలలో మిగిలిన పదునుతోనే కాయును. గింజ మనకు, పొట్టు పశువులకు, వేరు బుడిపెలలోని సత్తువ నేలకు.

పత్తియు మిరపయు వచ్చినపిమ్మట ఈ పైరులు గట్లకు జరిగినవి. పత్తి రైతునకు డబ్బు చూపినది, కాదనను. కాని సంకర విత్తనమును ఏటేట కొనవలసినదే. ఉలవ పువ్వు విచ్చుకొనకమునుపే తనలో తాను ఫలించును. కావున ఇంటి విత్తు జాతి చెడదు. కంది అట్లు కాదు. తేనెటీగలు ప్రక్క చేని పుప్పొడిని తెచ్చును. విత్తనపు కందిని దూరముగా వేయవలెను.

విత్తును కళ్లములోని రాశినుండి కాక, నిలిచిన చేనిలోనే ఎన్నుకొనవలెను. బెట్టకు వాడక, తెగులు సోకక, నిండుగా కాచిన మొక్కలకు గుర్తుకట్టి వేరుగా కోయవలెను. పుచ్చుపురుగు కాయపైననే గ్రుడ్డు పెట్టి చేనినుండి ఇంటికి వచ్చును. పంటికింద టక్కున పగులువరకు గింజ నెండబెట్టి, చల్లారినపిదప పొడిబూడిద కలిపి, కుండ నిండుగా పోసి, మూతికి మట్టి మెత్తవలెను. వేడి గింజను మూసిన చెమ్మపట్టును. విత్తుటకు ముందు నూరు గింజలను తడిగోనెలో చుట్టి చూడుడు. ఎన్ని మొలచునో తెలియును.

కోయ సోదరులు విత్తులు చల్లుటకు ముందు విజ్జ పండుము చేసికొందురు. విత్తనము ఊరుమ్మడి సొత్తను భావన వారినుండి నేర్వదగినదని నా తలంపు. 2001 నాటి చట్టముకూడ తన పంట విత్తును దాచుకొను, మార్చుకొను హక్కు రైతునకు ఇచ్చుచున్నది.

కనుక ఈ గ్రంథాలయమున ఒక అరను విత్తన కుండలకు కేటాయింపుడని నా మనవి. తీసికొన్నవారు పంటపిమ్మట అంతకు రెట్టింపు తిరిగి ఈయవలెను. నాగువడ్డి నెరిగిన పెద్దలు ఉలికిపడనక్కరలేదు. పంట పోయినవారిని అడుగువారుండరు. కుండపై చేను ఏ నేలయో, కోసిన నెల యేదియో వ్రాయవలెను. మొదటి కుండకు మానెడు ఉలవలు తెచ్చితిని; కార్యదర్శిగారి బల్లపై నున్నవి.