చంద్రునిపై కాలిబాటలు: సంశయము, నిదర్శనము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపు పాఠము)

 

సాంస్కృతిక సంఘపు సభలో చంద్రుని ప్రసక్తి ఎవరికిని వింతగా తోపదు. మన పిల్లలకు ఆయన చందమామ, కవులకు ఉపమానము, పంచాంగకర్తలకు తిథి. నేడు నేను మనవి చేయదలచినది మాత్రము ఆయన అందమును గూర్చి కాదు. ఒక నిజము నిజమని ఎట్లు తెలియును, తెలిసిన పిమ్మటను ఒప్పుకొననివారితో మనము ఎట్లు మెలగవలెను అను ప్రశ్నను గూర్చి. ఇది మనవంటి ప్రభుత్వోద్యోగులకు దూరపు ప్రశ్న కాదు. కాగితముపై నున్నదానిని పరీక్షించుటయు, భద్రపరచుటయు, అడిగినవారికి చూపుటయు మన నిత్యకృత్యములే గదా.

1969 జూలై 21వ తేదీ ఉదయము, మన గడియారముల ప్రకారము 8 గంటల 26 నిమిషములకు, నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రతలముపై కాలు మోపెను. ఆ యాత్ర మొదలు 1972 డిసెంబరు వరకు ఆరు పర్యాయములు, మొత్తము 12 మంది అమెరికా వ్యోమగాములు అచట దిగిరి. 382 కిలోగ్రాముల రాళ్ళను, మట్టిని భూమికి తెచ్చిరి. ఆ మీదట నాలుగేండ్లకే, అనగా 1976లో, బిల్ కేసింగ్ అను అమెరికనుడు మనుష్యులు చంద్రునికి పోనేలేదని వాదించుచు తన సొంత ఖర్చుతో ఒక పుస్తకము అచ్చువేయించెను. ఆ వాదము నాటినుండి నేటివరకు చావలేదు. 2001లో అమెరికాలోని ఒక టెలివిజను కార్యక్రమము దానికి క్రొత్త ప్రాణము పోసినది.

వారి ప్రశ్నలను మీలో పలువురు వినియే యుందురు. గాలిలేనిచోట జెండా ఏల కదలినది? ఆకాశమున నక్షత్రము లేల కానరావు? ఇవి అడుగదగని ప్రశ్నలు కావు. గాలి లేనందుననే జెండా వ్రేలాడిపోకుండుటకు పైయంచున ఒక అడ్డుకడ్డీ అమర్చిరి. కఱ్ఱను నేలలో త్రిప్పుచు గ్రుచ్చునప్పుడు గుడ్డ ఊగినది. ఆపుటకు గాలి లేదు గనుక ఆ ఊపు వెంటనే అణగలేదు. ఇక నక్షత్రముల మాట. రాత్రివేళ ఆరుబయట ప్రకాశవంతమైన దీపముల క్రింద మనము ఆడు నాటకమును ఫొటో తీసినచో, నటుల ముఖములు పడునుగాని పైనున్న చుక్కలు పడవు. ఎండలో మెఱయు చంద్రతలమును తీసిన కెమెరా సంగతియు అంతియే.

మన తర్కశాస్త్రము సంశయమును నిందింపలేదు. గౌతముని న్యాయసూత్రములు చెప్పిన పదునారు పదార్థములలో సంశయము ఒకటి. సంశయము లేనిదే విచారణ లేదు. అయితే ఆ పదునారింటిలోనే వాదము, జల్పము, వితండము అను మూడు కూడ కలవు. నిజము తెలియుటకై చేయు చర్చ వాదము. గెలుపునకై చేయునది జల్పము. తనదంటూ ఒక పక్షము నిలుపక, ఎదుటివాని మాటను పడగొట్టుటయే పనిగా పెట్టుకొన్నది వితండము. నేటి నా విషయమునకు ఈ విభాగమే గీటురాయి.

చంద్రయాత్రను నమ్మనివారు చాలకాలము ఒక మాట అనుచు వచ్చిరి: “అచట దిగిన యంత్రముల అడుగుభాగములు ఇంకను అచటనే యున్నవి గదా. ఇంత పెద్ద దూరదర్శినులు ఉండగా వాటి ఫొటో ఏల తీయరు?” అడుగవలసిన మాటయే. జవాబు దూరములో నున్నది. చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరమున నున్నాడు. అంతరిక్షములోని హబుల్ దూరదర్శినికి సైతము చంద్రునిపై సుమారు 100 మీటర్లకు తక్కువైన వస్తువు విడిగా కానరాదు. దిగిన యంత్రపు అడుగుభాగమో, నాలుగు మీటర్ల వెడల్పుది. కావున చంద్రుని దాపునకే ఒక కెమెరాను పంపవలసి యుండెను.

2009 జూన్ 18న అమెరికా పంపిన లూనార్ రికనైసెన్స్ ఆర్బిటర్ అను ఉపగ్రహము ఆ పని చేసినది. అదే సంవత్సరము జూలై 17న అపోలో 11, 14, 15, 16, 17 యాత్రలవారు దిగిన స్థలముల చిత్రములు వెలువడెను. అపోలో 12 స్థలపు చిత్రము మఱికొన్ని వారములకు వచ్చెను. ఆ మొదటి చిత్రములలో ఒక్కొక్క చుక్క మీటరుకు పైబడిన నేలకు సమానము. అందుచేత యంత్రము చిన్న తెల్లని మచ్చగా మాత్రమే తోచెను. అయినను ప్రొద్దు వాలియుండుటచే దాని నీడ పొడవుగా సాగి, అచట ఎత్తైన వస్తువు ఒకటి నిలిచియున్నదని చాటెను. 2011లో ఉపగ్రహమును సుమారు 21 కిలోమీటర్ల ఎత్తు వరకు దింపి తీసిన చిత్రములలో అపోలో 17 వారి వాహనపు చక్రముల జాడలును, వ్యోమగాముల కాలిబాటలును తేటపడెను. గాలియు వానయు లేని నేల యగుటచే నాలుగు దశాబ్దములైనను అవి చెఱగలేదు.

జెండాల సంగతి మఱింత ఆసక్తికరము. వేర్వేరు వేళలలో తీసిన చిత్రములను పోల్చగా, అపోలో 12, 16, 17 స్థలములలో జెండాకఱ్ఱ చుట్టును నీడ తిరుగుట 2012లో కనుగొనిరి. అపోలో 11 స్థలములో అట్టి నీడ లేదు. తాము పైకి లేచునప్పుడు ఇంజను వేడిగాలుల దెబ్బకు ఆ జెండా పడిపోయినదని బజ్ ఆల్డ్రిన్ ఏనాడో చెప్పియుండెను.

అపోలో 14 కథ వినుడు. 1971 ఫిబ్రవరిలో అలన్ షెపర్డ్, ఎడ్గర్ మిచెల్ అనువారు కోన్ అను గోతి అంచును చేరుటకై మిట్టనెక్కిరి. అచట గుఱుతులు లేవు. దూరము అంచనాకు అందదు. అలసి, వేళ మించిపోగా, అంచును చూడకయే వెనుదిరిగిరి. తాము ఎంతవరకు పోగలిగితిమో వారికిని అప్పుడు తెలియదు. 2009 నాటి చిత్రములలో వారి నడకను పోల్చి చూడగా, అంచునకు సుమారు 30 మీటర్ల దూరమునుండియే వారు మరలిరని తేలినది. నిజమునకు ఈ గుణము కలదు. నలుబది ఏండ్ల తరువాత త్రవ్వి చూచినను, అది తనలో నుండి క్రొత్త సమాచారమును ఇచ్చును. కల్పించిన కథలో కల్పించినవాడు పెట్టినంతయే యుండును.

ఈ చిత్రములు చూచి సంశయాత్ములు ఏమనిరి? కొందఱు నిజాయితీతో ఒప్పుకొనిరి. పలువురు మాత్రము మాట మార్చిరి. “యాత్ర చేసితిమని చెప్పినవారే ఈ ఫొటోలు తీసిరి, వీటిని నమ్ముట ఎట్లు?” అని కొందఱు. “ఈ చుక్కలలో ఏమి కానవచ్చును?” అని కొందఱు. చిత్రములు తేటపడిన కొలదిని, “ఇంత తేటగా నున్నవంటే తప్పక కల్పించినవే” అని మఱికొందఱు. “యంత్రములు అచట ఉండవచ్చును గాని మనుష్యులు పోలేదు” అని ఇంకొందఱు. చిత్రము మసకయైన చాలదు, తేటయైన కల్పితము. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనువానికి నాలుగవ కాలు చూపినచో, అది తరువాత అతికించినదని చెప్పును. ఫొటో చూపుడని తామే అడిగిరి. చూపిన పిమ్మట మఱి ఏది చూపిన ఒప్పుకొందురో చెప్పరు. సంశయము వితండముగా మాఱు తావు ఇదియే.

ఆ కెమెరా మాటను నమ్ముట ఎట్లు అను ప్రశ్న మాత్రము న్యాయమైనది. సాక్షిని నమ్మవలెనన్న, అతడు వేరొక వ్యవహారములో చెప్పినది నిజమైనదా యని విచారింతుము. ఈ సాక్షి చరిత్రను కూడ అట్లే చూతము.

సోవియట్ రష్యావారు 1970 నవంబరులో లూనఖోద్ 1 అను చక్రముల బండిని చంద్రునిపై దింపిరి. అది ఆగిపోయిన చోటు కచ్చితముగా తెలియక, దానిపై నున్న అద్దమునకు కాంతిపుంజమును గుఱిపెట్టుట దశాబ్దముల పాటు సాధ్యపడలేదు. 2010లో ఈ ఉపగ్రహపు చిత్రములలో ఆ బండి కనబడెను. ఆ ఏప్రిలులో న్యూ మెక్సికోలోని వేధశాలనుండి ఆ చుక్కకే లేజరు కిరణమును పంపగా, అద్దమునుండి కాంతి తిరిగి వచ్చెను. గీసిన బొమ్మనుండి వెలుగు తిరిగి రాదు.

రెండవ నిదర్శనము మనదే. 2019 జూలై 22న మన శ్రీహరికోట నుండి బయలుదేఱిన చంద్రయాన్-2 యొక్క విక్రమ్ యంత్రము సెప్టెంబరు 7న దిగుచు సంబంధము తెగి కూలిపోయెను. అమెరికావారు తమ ఉపగ్రహ చిత్రములను ఎల్లరకు అందుబాటులో ఉంచిరి. చెన్నై నగరవాసియైన ఒక ఇంజనీరు తన ఇంట కూర్చుండి, మునుపటి చిత్రములను తరువాతి చిత్రములతో చుక్కచుక్కగా పోల్చి, శకలమొకటి పడిన చోటును కనిపెట్టెను. డిసెంబరు 2న నాసావారు దానిని ధ్రువీకరించిరి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చక్కగా దిగినప్పుడు, నాలుగు దినములకు అదే కెమెరా దానిని కూడ చిత్రించినది. మన ఓటమిని దాచక, మన గెలుపును తగ్గింపక చూపిన కన్ను, అపోలో స్థలముల విషయములో మాత్రము అబద్ధమాడునా? పైగా చంద్రయాన్-2 పరిభ్రమణ ఉపగ్రహము చెడలేదు. మనవారి కెమెరా 2021లో అపోలో 11 దిగిన స్థలమును వేఱుగా చిత్రించినది. ఇక “చెప్పినవారే తీసిరి” అను ఆక్షేపమునకు చోటు లేదు.

కొండపై పొగను చూచి నిప్పును ఊహించుట మన తార్కికులకు ప్రియమైన దృష్టాంతము. తర్కసంగ్రహకర్త యైన అన్నంభట్టు ఆంధ్రుడని పండితులు చెప్పుదురు. ఆయన చిన్నపుస్తకము చదివిన బాలుడును దీనిని ఎఱుగును. చంద్రయాత్ర విషయమున పొగ ఒక్కచోటనుండి వచ్చుట లేదు. అపోలో శిలలలో విశ్వకిరణములు చేసిన సూక్ష్మరేఖలను బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థలో మన శాస్త్రజ్ఞులే పరీక్షించిరి. రష్యావారి లూనా 16 యంత్రము 1970లో తెచ్చిన 101 గ్రాముల మట్టియు అదే జాతిది. ప్రతియడుగును గమనించిన పోటీదారు రష్యా, యాత్ర జరుగలేదని అనలేదు.

ఇక మన వృత్తికి సంబంధించిన మాట ఒకటి చెప్పి ముగింతును. అపోలో 11 నాడు చంద్రునినుండి వచ్చిన ప్రసారమును నమోదు చేసిన మూలపు టేపులు దొరకలేదు. పిమ్మటి కాలమున టేపుల కొఱత వలన తుడిచి తిరిగి వాడియుందురని 2009లో నాసావారే ప్రకటించిరి. ప్రసారపు నకళ్ళు పలుచోట్ల భద్రముగా నున్నవి. పోయినది మెఱుగైన బొమ్మయే. అయినను ఆ ఒక్క అజాగ్రత్త వితండవాదులకు కావలసినంత మేత వేసినది. టేపు తుడిచినవారికి చెడ్డ తలంపు లేదు. అవసరమునకు చేతికందిన టేపును వాడిరి. ఎన్ని కచేరీలలో ఎన్ని మూలపత్రములు ఇట్లే పోవుచున్నవో మీకు తెలియనిది కాదు. దీనికి ప్రతిగా, చిత్రములను దాచక బయట పెట్టినందున చెన్నై ఇంజనీరు వంటి సామాన్యుడు స్వయముగా పరీక్షించి నిజము చెప్పగలిగెను. మూలమును కాపాడుడు; దానిని అడిగినవానికి చూపుడు. ప్రభుత్వపు మాటకు విలువ తెచ్చునది ఈ రెండే. “నమ్ముడు” అను ఉత్తరువు ఆ పని చేయజాలదు.

నిద్రపోవువానిని లేపవచ్చునుగాని, నిద్ర నటించువానిని లేపలేము. వానికై మనము గొంతు చించుకొన నక్కఱలేదు. కాని నిజముగా తెలియక అడుగు పిల్లవాడు ప్రతి యింటను ఉండును. “నిజముగా పోయినారా, తాతా?” అని వాడు అడిగినప్పుడు నవ్వి త్రోసిపుచ్చకుడు. చిత్రమును చూపుడు, నీడ ఎట్లు పడినదో చెప్పుడు, “ఏది చూచిన నీకు నమ్మకము కలుగును?” అని వానినే అడుగుడు. దానికి జవాబు చెప్పగలవాడు జిజ్ఞాసువు. వానికి ఎంత సమయమిచ్చినను వ్యర్థము కాదు.